చిల్లర లేదని చేతిలో నోటు కాదంటే ఎలా?

ఎడిటర్ గారికి నమస్కారం.

డిజిటల్ చెల్లింపులు మళ్ళీ రికార్డు కొట్టాయని వార్త వచ్చిన ప్రతిసారీ పేపర్లలో ఒకే రకం ఫొటో వేస్తారు. కూరగాయలమ్మే ఒక పెద్దావిడ, ఆవిడ గంప ముందు క్యూఆర్ కోడ్ అట్టముక్క. ఫొటో బాగుంటుంది, కాదనను. కానీ ఆ కోడ్ స్కాన్ చేస్తే డబ్బులు ఎవరి అకౌంట్లో పడతాయో ఎవరూ రాయరు. మా వీధి మొదట్లో కూర్చునే ఆవిడకైతే అవి కొడుకు అకౌంట్లో పడతాయి. సాయంత్రం ఆ అబ్బాయి మంచి మూడ్‌లో ఉంటే తెచ్చి ఇస్తాడు, లేదంటే రేపు చూద్దాంలే అంటాడు, మర్నాడు తెల్లారుజామున మార్కెట్‌కి వెళ్ళి సరుకు ఎత్తుకోవాలంటే ఆవిడ చేతిలో ఏమీ ఉండదు. అందుకే తెలిసినవాళ్ళు కనబడితే "నోటుంటే ఇవ్వమ్మా" అని మెల్లిగా అడుగుతుంది.

నాది తెనాలి. స్టేషనరీ, జిరాక్స్ కొట్టు. నేనేదో పాతకాలం మనిషిని, ఫోన్‌పే అంటే గిట్టదు అనుకోకండి. రోజూ నా బేరాల్లో ఎక్కువ శాతం ఫోన్ మీదే జరుగుతాయి, సౌండ్ బాక్స్‌కి నెలకింత అని అద్దె కూడా కడుతున్నాను. నేను రాసేది క్యాష్ గొప్పదా, కార్డు గొప్పదా, యూపీఐ గొప్పదా అని కాదు. ఎలా కట్టాలన్నది కట్టేవాడి ఇష్టం. ఆ ఇష్టం ఇప్పుడు కౌంటర్ వెనక కూర్చున్నవాడి చేతిలోకి పోతోంది, దానికి పెద్ద కారణం టెక్నాలజీ కాదు, చిల్లర.

మా కొట్లో ఒక జిరాక్స్ రెండు రూపాయలు. ఒకప్పుడు రోజులో సగం గొడవ ఆ రెండు రూపాయల దగ్గరే. పది నోటిచ్చి రెండు కాపీలు తీసుకుంటే ఆరు రూపాయలు ఎక్కడినుంచి తేను? పక్క మెడికల్ షాపువాడు రూపాయి బదులు చాక్లెట్ చేతిలో పెట్టేవాడు, బస్సులో కండక్టర్ టికెట్ వెనక బాకీ రాసిచ్చి దిగేటప్పుడు తీసుకోమనేవాడు, దిగే హడావిడిలో మనం మర్చిపోయేవాళ్ళం. ఆ బాధ తీర్చింది కాబట్టే జనం యూపీఐని నెత్తిన పెట్టుకున్నారు. ఎవరో మంత్రి చెప్పారనో, టీవీలో హీరో చెప్పాడనో కాదు. పధ్నాలుగు రూపాయలంటే పధ్నాలుగే కొట్టొచ్చు. దానికి మించిన సుఖం చిన్న కొట్టువాడికి ఇంకోటి లేదు.

ఇక్కడిదాకా బాగానే ఉంది. యూపీఐ 2016 ఏప్రిల్‌లో వచ్చింది, అదే ఏడాది నవంబరు 8 రాత్రి పెద్ద నోట్లు రద్దయ్యాయి, 2023 ఆగస్టుకి నెలకు వెయ్యి కోట్ల లావాదేవీలు దాటాయి, 2025 ఆగస్టుకి రెండు వేల కోట్లు. మరి క్యాష్ తగ్గిందా అంటే, లేదు! రద్దునాడు దేశంలో చలామణిలో ఉన్న నగదు పద్దెనిమిది లక్షల కోట్లకు కొంచెం తక్కువ, 2025 మార్చికి అది 36 లక్షల కోట్లు దాటింది. ఫోన్లూ పెరిగాయి, నోట్లూ పెరిగాయి. అయితే ఏ నోట్లు? మొత్తం నోట్ల విలువలో 86 శాతం ఒక్క 500 నోటుదే. అప్పట్లో రద్దు చేసిన 500, 1000 నోట్ల వాటా కూడా సుమారు 86 శాతమే అన్న సంగతి గుర్తున్నవాళ్ళకి ఇది తమాషాగా ఉంటుంది, నాకైతే నవ్వొచ్చింది.

అంటే జనం చేతిలో ఉన్న క్యాష్ అంతా దాచుకోవడానికి పనికొచ్చే క్యాష్, ఖర్చుకి పనికొచ్చేది కాదు. ఏటీఎంకి వెళ్ళి నాలుగొందలు కావాలని కొడితే లేవంటుంది, ఐదొందలు కొడితే టక్కున ఒకే నోటు వస్తుంది. దాన్ని పట్టుకుని మా కొట్టుకొచ్చి ఇరవై రూపాయల లాంగ్ నోట్‌బుక్ అడిగితే నేను మాత్రం ఏం చెయ్యను, "చిల్లర లేదండీ, ఫోన్‌పే కొట్టండి" అంటాను. ఫోన్ ఉన్నవాడు కొడతాడు. లేనివాడు పుస్తకం బల్ల మీద పెట్టేసి వెళ్ళిపోతాడు. అదే మాట ఊళ్ళో ప్రతి కొట్టూ రోజంతా చెబుతుంటే, చట్టం ఏదీ మార్చకుండానే నోటు చెల్లకుండా పోయినట్టే.

ఇది అన్నిటికంటే బాగా కనిపించేది ఒకటో తారీఖున. మన రాష్ట్రంలో పెన్షన్ ఇంటికి తెచ్చి ఇస్తారు, నోట్లే ఇస్తారు. వృద్ధులకి నాలుగు వేలు, అంటే ఎనిమిది ఐదొందల కాగితాలు. వార్డు సచివాలయం వాళ్ళు వేలిముద్ర వేయించుకుని, లెక్కపెట్టి చేతిలో పెట్టి వెళ్ళిపోతారు. మంచి పద్ధతే, పెద్దవాళ్ళు బ్యాంకు దగ్గర ఎండలో నిలబడక్కర్లేదు. కానీ పది గంటలయ్యేసరికి ఆ ఎనిమిది కాగితాలకీ ఊళ్ళో చిల్లర ఉండదు. మందులకి వెళ్తే లేదు, పాలకి లేదు, టీ బడ్డీ దగ్గర అసలే లేదు. ఒక ముసలాయన మా కొట్టుముందు నిలబడి, నోటు మడిచి జేబులో పెట్టుకుంటూ, మళ్ళీ తీసి చూసుకుంటూ "డబ్బులుండి కూడా టీ తాగలేకపోయాను చూడు బాబూ" అన్నాడు. ప్రభుత్వమే గడప దగ్గరికి తెచ్చిచ్చిన నోటు అది.

చిల్లర బిళ్ళల సంగతి ఇంకో కథ. పది రూపాయల బిళ్ళ చెల్లదని ఎవడు పుట్టించాడో గానీ ఆ పుకారు ఏళ్ళ తరబడి పోవడం లేదు. 14 రకాల డిజైన్లూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018లోనే ప్రకటన ఇచ్చింది. నాణేలు వెయ్యి రూపాయల వరకూ చెల్లుబాటని 2011 చట్టంలోనే ఉంది. అయినా నేనిస్తే బేరం, అంటే కొనడానికొచ్చినవాడు, తీసుకోడు, బేరం ఇచ్చింది నేనిస్తే హోల్‌సేల్ వాడు తీసుకోడు, బ్యాంకుకి సంచీలో పట్టుకెళ్తే క్యాషియర్ మొహం చూడాలి మీరు, ఏదో అప్పు అడగడానికి వచ్చినట్టు చూస్తాడు. మనకి చిల్లర లేక కాదు, ఉన్నదాన్ని ముట్టుకోం.

కొట్టువాడు చిల్లర లేక క్యాష్ వద్దనడం ఒక ఎత్తు. చిల్లర ఉన్నా సరే, క్యాష్ తీసుకోం అని బోర్డు పెట్టడం ఇంకో ఎత్తు. ఆమధ్య మా బాబాయిని గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం. మా పిన్ని తోడుంది. కింద క్యాంటీన్ టోకెన్ కౌంటర్ దగ్గర "నో క్యాష్" అని అంటించారు. పిన్నిది బటన్ ఫోను, చేతిసంచిలో కావలసినన్ని పది, ఇరవై, యాభై నోట్లు, అన్నీ సరిగ్గా సరిపోయేవే. ఇడ్లీ కోసం ఆవిడ లైన్లో ఉన్న కుర్రాళ్ళని "బాబూ, నీ ఫోన్లోంచి కొట్టవా, నోటు నీకిస్తాను" అని బతిమాలుకోవాల్సి వచ్చింది. ఒకడు ఇయర్‌ఫోన్ తియ్యకుండానే తల అడ్డంగా ఊపాడట, రెండోవాడు కొట్టాడు, పాపం డబ్బులు కూడా వద్దన్నాడు, దానికి ఆవిడ ఇంకా ఎక్కువ బాధపడింది. అడుక్కున్నట్టు అయింది కదే అని రెండు రోజులు అదే మాట. ఇంతా చేసి అదే ఆసుపత్రిలో పైన అడ్వాన్సు కౌంటర్ దగ్గర "క్యాష్ అయితే త్వరగా అయిపోతుందండీ" అన్నారు!

ఇడ్లీకి క్యాష్ పనికిరాదు, అడ్వాన్సుకి క్యాషే ముద్దు. ఈ వరస ఒక్క ఆసుపత్రిలోనే కాదు. ఎక్కడ లెక్కలో కనబడకూడదో అక్కడ నోటు, ఎక్కడ లెక్కపెట్టే జీతగాడు దండగ అనిపిస్తుందో అక్కడ ఫోను. స్థలం రిజిస్ట్రేషన్‌లో మార్కెట్ రేటుకీ కాగితం మీద రేటుకీ మధ్య తేడా ఫోన్‌పేలో ఎవరైనా కొట్టించుకున్నారా? మన రాష్ట్రంలో 2019 తర్వాత ప్రభుత్వమే నడిపిన మద్యం దుకాణాల్లో ఏళ్ళ తరబడి క్యాష్ తప్ప ఇంకోటి తీసుకోలేదు, పక్కనే పకోడీ బండి మీద మాత్రం క్యూఆర్ కోడ్. క్యాష్ వల్లే నల్లధనం అనేవాళ్ళు ముందు ఇలాంటి కౌంటర్లు చూడాలి. పకోడీ బండివాడి గల్లాలో నల్లధనం వెతికితే నూనె మరకలు తప్ప ఏం దొరకవు.

చట్టం కూడా ఒకవైపే మొగ్గింది. ఏడాదికి 50 కోట్లు దాటిన వ్యాపారం రూపే కార్డు, యూపీఐ లాంటివి తప్పకుండా పెట్టాలని 2019లో నిబంధన తెచ్చారు, పెట్టకపోతే రోజుకి ఐదు వేలు జరిమానా అని కూడా రాశారు. సరే, మంచిదే. మరి నోటు తీసుకోనన్నవాడి సంగతేంటి? నోటు దేశమంతా చెల్లుతుందని రిజర్వు బ్యాంకు చట్టం చెబుతుంది, కానీ "నో క్యాష్" బోర్డు పెట్టినందుకు ఫలానావాళ్ళకి జరిమానా పడిందని నేనైతే మీ పేపర్లో ఎప్పుడూ చదవలేదు. టోల్‌ప్లాజాల దగ్గర అయితే 2025 నవంబరు 15 నుంచి ఫాస్టాగ్ లేని బండి క్యాష్ ఇస్తే రెట్టింపు, యూపీఐ చేస్తే ఒకటింపావు అని నిబంధన తెచ్చారు. అక్కడ క్యూ తగ్గాలి కాబట్టి అర్థం చేసుకోగలను. క్యాంటీన్ ఇడ్లీకి ఏం క్యూ?

ఇక ఫోన్ ఉన్నవాళ్ళంతా సుఖంగా ఉన్నారా అంటే, మా కౌంటర్ దగ్గర ఒక పూట నిలబడి చూడండి. పెద్దవాళ్ళు చాలామంది ఫోన్ నా చేతికిచ్చేస్తారు. "నువ్వే కొట్టు నాయనా, నాకు కనబడదు" అంటారు. పిన్ నంబరు పైకే చెబుతారు, వెనక నలుగురు వింటుండగా, కొందరైతే రెండోసారి కాస్త గట్టిగా. మూడో తరగతి పిల్లాడు వాళ్ళమ్మ ఫోన్ తెచ్చి పెన్సిల్ కొని, పిన్ పద్యం చదివినట్టు చదువుతూ నొక్కుతాడు. నేను చెయ్యి అడ్డం పెట్టి "పైకి చెప్పకూడదమ్మా" అని రోజూ చెబుతూనే ఉంటాను, వింటారా? సైబర్ నేరాలకి 1930 కి ఫోన్ చెయ్యాలన్న సంగతి వాళ్ళలో చాలామందికి తెలియదు. జేబులో నాలుగొందలు ఉన్నవాడి జేబు కొడితే నాలుగొందలే పోతాయి. ఫోన్ నా చేతికిచ్చిన పెద్దాయన పెన్షన్, పొలం కౌలు, వడ్లమ్మిన డబ్బు, మొత్తం ఆ పిన్ నంబరు వెనకే ఉన్నాయి.

డబ్బు కట్ అయింది గానీ మాకు రాలేదు అన్నప్పుడు వచ్చే పేచీ ఇంకోటి. బేరం ఫోన్ చూపిస్తాడు, నేను సౌండ్ బాక్స్ వైపు చూస్తాను, అది మూగనోము పట్టి కూర్చుంటుంది. ఎవరు అబద్ధం చెబుతున్నట్టు? దొంగ యాప్‌లో పచ్చ టిక్ చూపించి సామాను పట్టుకుపోయేవాళ్ళు ఉన్నారు కాబట్టి నేను నమ్మలేను, నిజంగా కట్ అయితే అతను మళ్ళీ ఇవ్వలేడు. రిజర్వు బ్యాంకు 2019లో నియమం పెట్టింది, కొట్టువాడికి చేరకపోతే ఐదు రోజుల్లో డబ్బు వెనక్కి వెయ్యాలి, ఆలస్యమైతే రోజుకి వంద రూపాయలు పరిహారం. ఆ వందలు అందుకున్న మనిషి మాత్రం నాకింతవరకు తగల్లేదు. 2025 ఏప్రిల్ 12, శనివారం, దేశమంతా యూపీఐ ఆగిపోయిన రోజు గుర్తుందా? ఎంచుకున్న సామానంతా కౌంటర్ మీదే వదిలి వెళ్ళారు చాలామంది, జేబులో ఒక్క నోటు లేక. ఆ పూట రాజా ఎవరంటే పర్సులో పాత వంద నోటు మడిచి పెట్టుకున్నవాడే.

ఆడవాళ్ళ విషయం మీ పేపర్లో ఎవరూ రాయగా చూడలేదు కాబట్టి రాస్తున్నాను. అకౌంట్ భార్య పేరు మీదే ఉంటుంది, దానికిచ్చిన ఫోన్ నంబరు మాత్రం భర్తది. ఆవిడ ఎనభై రూపాయలు ఖర్చుపెట్టినా ఆయన ఫోన్ మోగుతుంది, ఎనభై ఎందుకూ అని. పిల్లకి రంగు పెన్సిళ్ళు కొనడానికి వచ్చి, స్కానర్ వైపు చూసి, మళ్ళీ నా వైపు చూసి "క్యాష్ ఇస్తానండీ" అనే ఆవిడని నేను ఎందుకు అని అడగను. ఎక్కడినుంచైనా చిల్లర తెచ్చి ఇస్తాను. నోటు ఎవరికీ మెసేజ్ పెట్టదు.

కార్డు సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను, ఎందుకంటే మా ఊళ్ళో చిన్న కొట్లలో అది ఇద్దరి మధ్య నలిగిపోయి చచ్చింది. నోట్ల రద్దు వేడిలో ఒక బ్యాంకు నాకూ స్వైపింగ్ మిషన్ అంటగట్టింది. దానికి అద్దె, కాగితం రోల్, క్రెడిట్ కార్డు గీస్తే కమీషన్. రెండు రూపాయల జిరాక్స్‌కి కార్డు ఎవడు గీస్తాడు? తిరిగిచ్చేశాను. పెద్ద షాపుల్లో ఉంది గానీ ఫోన్ల షాపుకి వెళ్ళి క్రెడిట్ కార్డు తీస్తే "రెండు శాతం ఎక్స్‌ట్రా అవుతుందండీ" అంటారు, అది బిల్లులో మాత్రం రాయరు. పిన్ లేకుండా ఆనిస్తే ఐదు వేల దాకా పోయే కార్డులు 2021 నుంచి వచ్చాయి, ఆ సదుపాయం ఆపుకోవచ్చని ఎంతమందికి తెలుసో.

యూపీఐ ఫ్రీ అంటారు. కొట్టువాడి దగ్గర కమీషన్ తీసుకోకూడదని 2020 జనవరి నుంచి పెట్టారు కాబట్టి నాకు ఫ్రీ. కానీ సర్వర్లు గాలికి నడవవు కదా, 2024-25కి చిన్న వ్యాపారుల చెల్లింపుల కోసం కేంద్రం 1500 కోట్లు కేటాయించింది. ఆ సాయం ఎన్నాళ్ళుంటుందో చూడాలి. బ్యాంకులు మాత్రం చార్జీ పెట్టనివ్వమని గొణుగుతూనే ఉన్నాయి. రేపు ఆ రెండు రూపాయల జిరాక్స్ మీద కూడా కమీషన్ పడితే, అప్పటికి క్యాష్ అలవాటు పోయి ఉంటే, ఎక్కడికి పోతాం? 2025 జులైలో బెంగళూరులో యూపీఐ లెక్కలు చూసి చిన్న వ్యాపారులకి జీఎస్టీ నోటీసులు వెళ్తే, వాళ్ళు రాత్రికి రాత్రే క్యూఆర్ కోడ్‌లు పీకేసి "ఓన్లీ క్యాష్" అని అంటించారు. మా దగ్గరా ఆ వారం అదే చర్చ, టెన్షన్. పన్ను కట్టాల్సినవాడు కట్టాల్సిందే, నేను ఎగ్గొట్టేవాళ్ళ వకాల్తా పుచ్చుకోను. కానీ ఆ దెబ్బ కూడా చివరికి బేరం మీదే పడింది, నిన్నటిదాకా ఫోన్ తప్ప వద్దన్న కొట్టే ఇవాళ ఫోన్ వద్దంటే ఆ మనిషి ఏం కావాలి?

అన్నట్టు, ఇన్ని చెబుతున్నా బోణీ మాత్రం నాకు క్యాషే కావాలి. పొద్దున్నే మొదటి బేరం ఫోన్ తీస్తే "బోణీ అండీ, నోటుంటే చూడండి" అంటాను. నవ్వుతారు, ఇస్తారు. దానికి లాజిక్ అడక్కండి.

నేను కోరేది పెద్దదేమీ కాదు. ఆసుపత్రులు, బస్‌స్టాండ్లు, కాలేజీలు, వాటిలోని క్యాంటీన్లు, పార్కింగులు, మనిషి తప్పనిసరై వెళ్ళే ఏ చోటైనా చిన్న మొత్తాలకి క్యాష్ తీసుకోవాల్సిందే అని ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇవ్వాలి, "నో క్యాష్" బోర్డుకీ జరిమానా వెయ్యాలి. ఒకటో తారీఖు పెన్షన్‌లో కనీసం ఒక ఐదొందలైనా వందలుగా, యాభైలుగా ఇచ్చేటట్టు బ్యాంకుల నుంచి తెప్పించాలి. మూడోది, ఇది ఇప్పటికే ఉత్తర్వు ఉన్న విషయం. 2025 సెప్టెంబరు 30 నాటికి 75 శాతం ఏటీఎంలలో, 2026 మార్చి 31 నాటికి 90 శాతం ఏటీఎంలలో కనీసం ఒక క్యాసెట్‌లోనైనా, అంటే లోపలుండే నోట్ల డబ్బాలో, వంద గానీ రెండొందలు గానీ పెట్టాలని రిజర్వు బ్యాంకు బ్యాంకులకి చెప్పింది. మా ఊళ్ళో ఏ ఏటీఎం దగ్గరికి వెళ్ళినా ఆ తొంభై శాతం నా కంటికైతే కనబడటం లేదు. మీ విలేఖరిని ఒక పూట పంపించి తెనాలిలో ఏ ఏటీఎంలో వంద నోట్లు వస్తాయో ఊరంతా తిప్పి చూపించి ఒక చిన్న వార్త రాయించండి. దాన్ని జిరాక్స్ తీసి మా కౌంటర్ దగ్గర అంటిస్తాను, కావలసినవాళ్ళకి కాపీ ఊరికే ఇస్తాను.

ఇట్లు,
ఒక స్టేషనరీ కొట్టు యజమాని,
తెనాలి